యవనుల నడికట్టు

సంస్కృతమున యవన శబ్దము మొదట గ్రీకులకు పేరు. ఆసియా మైనరు తీరమున అయోనియా యను సీమలో నివసించిన గ్రీకులను పారసీకులు యౌన లనిరి. ఆ మాటయే మన దేశమునకు వచ్చి యవన యైనది. శతాబ్దములు గడచిన పిదప గ్రీకులు మన కంటికి కనబడక పోయిరి. పడమటి దారిని వచ్చిన తురుష్కులు కనబడిరి. మనవారు క్రొత్త పేరు వెదకుకొను శ్రమ పడక పాత పేరునే వీరికి తగిలించిరి. తెలుగు కావ్యములలోను, కైఫీయతులలోను యవను లన్నచో తఱచుగా మహమ్మదీయులని యర్థము. మేమును పాఠశాలలో పిల్లలకు ఈ రెండర్థములను వేఱుచేసి చెప్పుచునే యున్నాము. కాని గ్రీకులును తురుష్కులును ఒక్క ప్రభుత్వము క్రింద నాలుగు వందల యేండ్లు కలిసి బ్రదికిన సీమలలోని పాత యాయుధములను, వాని పరికరములను పరిశీలించువారికి, మన పూర్వుల యీ కలగాపులగపు మాట అంత నవ్వదగినది కాదని తోచును.

మాటలనే చూడుడు. తుపాకి యను శబ్దము మనది కాదు. తురుష్కులు దానిని తుఫెక్ అందురు. గ్రీకు కొండజాతివాడు తుఫేకి యనును. తెలుగు రైతు తుపాకి యనును. నడుమ సముద్రములును ఎడారులును ఎన్ని యున్నను ఇద్దఱి నోటను ఒక్కటే మాట. మందును తురుష్కులు బారుత్ అందురు, గ్రీకులు బరూతి యందురు, మన హిందూస్థానీవారు బారూదందురు. ఇస్తాంబూలులోని సుల్తానుల నగరికి తోప్‌కాపి యని పేరు, అది "ఫిరంగుల వాకిలి." మన తోపుఖానాలోని తోపే యది.

ఈ మాటలు గాలిలో నెగిరి రాలేదు. వానిని తెచ్చినవారు మనుష్యులే. 1526వ సంవత్సరమున పానిపట్టు యుద్ధములో బాబరు పక్షమున తుపాకుల వ్యవహారము చూచినవారిలో ముస్తఫా రూమీ యొకడు. బిజాపురమున నేటికిని కోటబురుజుపై నున్న మాలిక్-ఇ-మైదాన్ అను గొప్ప ఫిరంగిని 1549లో అహమ్మదునగరమున పోతపోసినవాడు మహమ్మద్ బిన్ హుసేన్ రూమీ. 1565లో విజయనగర సామ్రాజ్యమును కూల్చిన యుద్ధమున సుల్తానుల ఫిరంగులను నడపిన చెలబీ రూమీఖాను, గుండ్లకు బదులు రాగి కాసుల సంచులు దట్టించి పేల్పించెనని ఫెరిస్తా వ్రాసియున్నాడు. రూమీ యనగా రూమ్ దేశపువాడు. రూమ్ అనగా రోము, అనగా కాన్‌స్టాంటినోపిల్ రాజ్యము. ఆ దేశపు తురుష్కులను మనవారు రూమీ లనిరి. ఆ దేశపు తురుష్కులు తమ పాలనలోని గ్రీకులను రూము లనిరి. ఆ గ్రీకులు తమ్ము తామే రోమియు లని చెప్పుకొనిరి. కావున పేరును బట్టి యెవడు ఎవడో తేల్చుట మన దేశముననే కాదు, ఆ దేశమునను అంత సులభము కాదు.

ఇక ప్రస్తుత విషయమునకు వత్తము. పెద్ద తుపాకులను, రత్నఖచితములైన కత్తులను ప్రదర్శనశాలలలో నందఱును చూతురు. వాని ప్రక్కన గాజుపెట్టెలో మూలనుండు చిన్న వెండి పెట్టెలను, కడ్డీలను, మందుకొమ్ములను ఆగి చూచువా రరుదు. మా దృష్టిలో చరిత్ర విద్యార్థికి ఈ చిల్లర సామానే యెక్కువ చెప్పును. కత్తిని రాజు బహుమతిగా నిచ్చును. మందుపెట్టె దినదినము చేతులు తగిలి యరుగును.

పాత తుపాకిలో నేమేమి చేయవలసి యుండెనో తెలిసిననేగాని యీ పరికరముల యుపయోగము బోధపడదు. చెకుముకి తుపాకిని మూతివైపునుండి నింపవలెను. కొలత ప్రకారము మందు పోసి, పైన సీసపు గుండు వైచి, కడ్డీతో దట్టించి, ప్రక్కనున్న చిన్న గిన్నెలో రంజకము పోసి, అప్పుడు మీట నొక్కవలెను. చెకుముకిరాయి ఉక్కుపై కొట్టుకొనగా నిప్పురవ్వ రంజకముపై పడును. ఆ మంట సన్నని బెజ్జముగుండ లోనికి పోయి మందును పేల్చును. ఒక్క వేటుకే యింత పని. దాని తరువాత మఱల మొదటినుండి. తడి తగిలినను, కొలత తప్పినను, రాయి యరిగినను పని చెడును, మనిషి చచ్చును. కాబట్టి కొలతపెట్టిన మందును, గుండును కాగితములో చుట్టి తూటాలుగా ముందే సిద్ధపఱచి, నడుమున కట్టుకొనిన పెట్టెలో నుంచుకొనెడివారు. ఆ పెట్టెకు తురుష్కమునను గ్రీకునను పలాస్కా యని పేరు.

1820 ప్రాంతమున రూమేలీ కొండలలో తిరుగు యోధుని నడుము నొకసారి మనస్సున నూహించుకొనుడు. ముందువైపున తోలుతో కుట్టిన వెడల్పైన నడికట్టు. దానిలో పొరలు పొరలుగా సంచులు. తురుష్కులు దీనిని సిలాహ్‌లిక్ అందురు. సిలాహ్ అనగా ఆయుధము, ఆయుధశాలను సిలాఖానా యనుట యీ శబ్దమువలననే. గ్రీకు నోటిలో నిది సెలాఖి యైనది. ఈ సంచులలో రెండు చేతితుపాకులు, ఒక యాతగాను కత్తి. నడుము వెనుకనో ప్రక్కలనో రెండు పలాస్కాలు. ఒక వైపున గొలుసుతో వ్రేలాడు సన్నని కడ్డీ. దానికి హర్బీ యని పేరు. అరబ్బీలో హర్బా యనగా ఈటె. ఆ ప్రాంతపు చేతితుపాకులలో పెక్కింటికి గొట్టము క్రింద దట్టించు కడ్డీ యుండదు. ఉన్నట్లు కొయ్యపైనో లోహముపైనో చెక్కిన ఆకారము మాత్రమే యుండును. కావున కడ్డీని విడిగా నడుమున ధరించిరి. చూచుటకు వట్టి కడ్డీయే కాని, కొన్నిటి పిడిని తిప్పి లాగినచో లోపల సన్నని బాకు బయటపడును. కొన్నిటిలో చుట్టగొట్టములోనికి నిప్పుకణిక తీయు పటకారు ఉండును. శత్రువును పొడుచుటకును పొగ త్రాగుటకును ఒక్కటే సాధనము! పొగాకు వ్యసనము మన గ్రామములలోనే కాదు, ఆ కొండలలోను ఎంత గట్టిగా పాతుకొని యుండెనో దీనివలన తెలియును.

నడికట్టుననే మఱియొక చిన్న వెండిపెట్టె యుండును. దానికి గ్రీకులు మెదులారి యందురు. మెదులి యనగా మూలుగ. తుపాకి మీటలకును ఉక్కు తునుకలకును తుప్పు పట్టకుండ రాయు క్రొవ్వును ఆ పెట్టెలో నుంచెడివారు. దీనిని చూచి పొడుముకాయ యనియో, అత్తరుపెట్టె యనియో భ్రమపడువారు కలరు. లోపలి మూలలలో నల్లని జిడ్డు గట్టిపడి యున్నచో సందేహము తీఱును. దీనికంటె పెద్ద భ్రమ కలిగించునది యింకొకటి కలదు. పొడుగైన ఇత్తడి గొట్టము, దాని చివర మూతగల చిన్న గిన్నె. నడుమున దోపుకొనుటకు వీలైన యాకారము. ఆయుధముల వర్తకులు దీనిని తుపాకి సామానులలో కలిపి యమ్ముటయు కద్దు. నిజమున కది కలములపెట్టెయు సిరాబుడ్డియు. తురుష్కులు దివిత్ అందురు; మన హిందూస్థానీలోని దవాతు అదియే. యోధుడు చేతితుపాకిని దోపుకొనిన చోటనే వ్రాయసగాడు కలమును దోపుకొనెను. బడిపంతుళ్లమైన మాకు ఈ రెండవ నడికట్టుపైన నొకింత పక్షపాతము కలదని చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

మందుపెట్టెకు వెండి యెందుకు? తగరమో తోలో చాలదా? తోలు పెట్టెలును లేకపోలేదు. పేదవారు వానినే వాడిరి. కాని ఆ కాలపు కొండయోధునికి ఇల్లు లేదు, పొలము నిలుకడ లేదు, దాచుకొనుటకు బ్యాంకు లేదు. జీతము, దోపిడి, బహుమతి ఏది వచ్చినను వెండిగా మార్చి యొడలిపై ధరించెను. మన సంసారులు మిగిలిన రూకలతో వడ్డాణము చేయించి యింటివారి నడుమున పెట్టుట యే యాలోచనతోనో, ఇదియు నా యాలోచనతోనే. అక్కడ ఆ వడ్డాణమును పురుషుడే ధరించెను, అంతియే భేదము. నగల వ్యామోహము స్త్రీలకు పుట్టుకతో వచ్చినదని యుపన్యసించు పెద్దలు ఈ మీసముల యోధుల పటములను చూచుట మంచిది.

వెండికి ధనముకంటె మించిన యర్థము గూడ నుండెను. సామ్రాజ్యమున క్రైస్తవ ప్రజలు సామాన్యముగ నాయుధములు ధరింపరాదు. ప్రభుత్వముచే కావలికి నియమింపబడిన అర్మతొలులకు మాత్రము ఆ హక్కు కలదు; క్లెఫ్తులు, అనగా దొంగలని పేరుపొందిన కొండవీరులు, అడుగకయే ధరించిరి. కావున వెండి యాయుధము వీని దృష్టిలో మనుష్యుడనుటకు గుర్తు. మక్రియన్నిస్ అను సేనాని (1797–1864) తన బాల్యమున జరిగినదానిని స్వీయచరిత్రలో వ్రాసినాడు. బీదపిల్లవాడుగా దెస్ఫీనా యను గ్రామమున నుండగా సెయింటు జాన్ పండుగనాడు ఒకడు వానికి తుపాకి పట్టుకొమ్మని యిచ్చెను. పిల్లవాడు ఉత్సాహము పట్టలేక పేల్చగా నది విఱిగెను. అందఱి యెదుటను దెబ్బలు తినెను. దెబ్బలకంటె అవమానము నొప్పించెను. ఆ రాత్రి గుడిలో దూఱి, తనకు వెండితో చేసిన మంచి యాయుధములను ధనమును ఇచ్చినచో పెద్ద వెండిదీపము చేయించి పెట్టుదునని యా పుణ్యపురుషునితో బేరము కుదుర్చుకొనెను. పెద్దవాడైన తరువాత ఆయుధములు లభించెను, దీపమును చెల్లించెను. పదునాలుగేండ్ల బాలుడు అన్నము కోరలేదు, వెండి తుపాకిని కోరినాడు. వాని దేశమున అప్పటి స్థితి యెట్టిదో యింతకంటె చెప్పు వాక్యము చరిత్ర గ్రంథములలో తఱచు దొరకదు.

ఈ సందర్భముననే యింకొక మాట. 1821లో గ్రీకు స్వాతంత్ర్య యుద్ధము మొదలైనప్పుడు, పురుషుల నడుముల వెండి పెరిగిన కాలముననే, మంతో మవ్రోగేనుస్ అను స్త్రీ తన సొమ్మును నగలను ఆ యుద్ధమునకే ధారపోసి ఓడలకును సైనికులకును వెచ్చించినది. కడపట పేదరికమున మరణించినది. స్పెత్సెస్ ద్వీపమున బూబులీనా యను వితంతువు తన యాస్తితో ఓడలు కట్టించి తానే నడపినది. ప్రదర్శనశాలలలో పురుషుల పలాస్కాలు వరుసలు వరుసలుగా నున్నవి. ఆమె కరగించిన నగలకు ఏ గాజుపెట్టెయు లేదు.

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్న. చేతికి దొరకిన పలాస్కా గ్రీకుదా, తురుష్కులదా? కొనువాడు మొదట నడుగునది యిదియే. అమ్మువాడు కొనువాని ముఖము చూచి యుత్తరము చెప్పును. ఏథెన్సు వానికి గ్రీకుదగును. ఇస్తాంబూలు వానికి తురుష్కమగును. ధరయు దానిని బట్టియే. మా యభిప్రాయమున ఈ ప్రశ్నలోనే దోషము కలదు. ఇది చేసినవా రెవరు? ఎపిరస్ సీమలో యనీనా నగరమును, దానికి దక్షిణమున పర్వతములలో కలారితెస్ అను గ్రామమును వెండిపనికి ప్రసిద్ధములు. కలారితెస్ గ్రామస్థులు క్రైస్తవులు. ఇంటిలో వ్లాఖు భాష మాటలాడుదురు, గుడిలోను వర్తకములోను గ్రీకు. వారి గొప్ప గిరాకీ యనీనా నేలిన అల్బేనియా మహమ్మదీయుడైన అలీ పాషా, వాని కొలువులోని వారు. అలీ పాషా ఆస్థానమునకు పనిచేసిన అథనాసియోస్ చిమూరిస్ అను వెండిపనివాడు క్రైస్తవ దేవాలయములకు సువార్త గ్రంథముల యట్టలు గూడ చేసెను. ఒక్క సుత్తి, ఒక్క ఉలి. ఉదయమున పాషాకు పిడి, సాయంకాలమున గుడికి గ్రంథపు టట్ట, నడుమ కొండదొంగకు తూటాల పెట్టె. దీనిలో నేది గ్రీకు, ఏది తురుష్కము? గోల్కొండ సుల్తానుల ఫర్మానాలలో పైన పారసీకమును క్రింద తెలుగును వ్రాసియుండగా, ఆ కాగితము ఎవరిదని యడిగినట్లున్నది.

1821లో ఆ గ్రామస్థులు తిరుగబడిరి; తురుష్క సైన్యము గ్రామమును కాల్చివైచెను. పనివారు చెదరిపోయి అయోనియను ద్వీపములకును ఇతర నగరములకును చేరిరి. ఆ సీమ వెండిపనివారి కుటుంబములలో నొకదానినుండి వచ్చిన సొతీరియోస్ వుల్గారిస్ 1884లో రోము నగరమున దుకాణము పెట్టెను. నేడు లోకమంతట ధనవంతులు బుల్గారి యని పలుకు నగల వర్తకము అదియే.

పనితనము నెఱిగినవారికి ఈ వస్తువులు మన యింటివానివలె కనబడును. సన్నని వెండి తీగలను మెలిపెట్టి యతికిన తీగపని మన కరీంనగరపు పళ్లెములను జ్ఞప్తికి తెచ్చును. వెనుకనుండి కొట్టి ముందుకు పూలు తీగెలు ఉబ్బునట్లు చేసిన నగిషీ మన కంసాలులకు క్రొత్త కాదు. నల్లని గీతలపని మాత్రము వేఱు. దానిని తురుష్కులు సవాత్ అనియు, గ్రీకులు సవాతి యనియు అందురు. అరబ్బీలో సవాద్ అనగా నలుపు. వెండి, రాగి, సీసము గంధకముతో కలిపి కరగించి నల్లని ముద్దచేసి పొడికొట్టి, వెండిపై చెక్కిన గాడులలో నింపి కాల్చినచో కరగి పట్టుకొనును. పైన రాచి నునుపు చేసినచో తెల్లని వెండిపై నల్లని చిత్రము నిలుచును. మన బీదరు పని దీనికి తలక్రిందులు: అక్కడ నేల నలుపు, చిత్రము వెండి. రెండును ఎఱిగిన చేయి చీకటిలో తడవి గూడ చెప్పగలదు. బీదరులో వెండి పొదుగు, ఇక్కడ పొదిగినది నలుపు. బంగారు ములాము వేయుటకు పాదరసమున బంగారము కలిపి పూసి కాల్చెడివారు. పాదరసము ఆవిరియై పోవును, బంగారము నిలుచును. ఆ యావిరిని పీల్చిన పనివాని సంగతి యెవరును వ్రాయలేదు.

గుర్తించు మార్గములు కొన్ని చెప్పుదుము. మొదటిది ముద్ర. తురుష్క ప్రభుత్వపు పరీక్షకు పోయిన వెండిపై సుల్తాను తుఘ్రా, అనగా అలంకారముగా అల్లిన నామాక్షరముద్ర, చిన్నదిగా కొట్టబడి యుండును. ఆ ముద్రలో సుల్తాను పేరును అతని తండ్రి పేరును ఉండును గనుక, చదువ నేర్చినవానికి కాలము దొరకును: రెండవ మహమూదు (1808–1839), అబ్దుల్ మజీదు (1839–1861), ఇట్లు. దాని ప్రక్కన సహ్ అను ముద్ర. "సరి" యని యర్థము. మనము దస్తావేజు క్రింద చేయు సహీ దాని తోబుట్టువే. ఆ దాపుననే వంకరటింకరగా గీచిన గాడి యొకటి యుండును. అది యెవరో పాడుచేసినది కాదు, పరీక్షకుడు వెండిని గోకి చూచిన చోటు. అయితే కొండగ్రామముల పనిలో ముద్రలు తఱచుగా నుండవు. ముద్ర లేదని కూటవస్తు వనుకొనరాదు. ముద్ర యున్నదని గంతులు వేయనురాదు. ముద్ర కొట్టు ఉలి యెవడైనను చేసికొనవచ్చును.

రెండవది తేదీ. మహమ్మదీయుని వస్తువుపై హిజరీ సంవత్సరమును, క్రైస్తవుని వస్తువుపై క్రీస్తు సంవత్సరమును తఱచుగా నుండును. హిజరీని క్రీస్తు శకమునకు మార్చుటకు, ఆ సంఖ్యలో నూటికి మూడు చొప్పున తీసివేసి 622 కలుపవలెను. 1236 అని యున్నచో ముప్పదియేడు తీసి 622 కలుపగా 1821. గ్రీకు విప్లవపు సంవత్సరమే. ఇక్కడ నొక గోతి కలదు. అరబ్బీ అంకెలలో మన సున్నవలె నుండునది ఐదు. సున్న వట్టి చుక్క. ఇది తెలియనివాడు 1255ను 1200 అని చదివి అర్ధశతాబ్దము ముందుకు దూకును. అమ్మువానికి దానివలన నష్టము లేదు గనుక దిద్దడు. అక్షరములు కుడినుండి ఎడమకు నడచినను అంకెలు మన వలెనే ఎడమనుండి కుడికి నడచును. తుపాకి గొట్టములపై నుండు పేర్లను మఱియు నమ్మరాదు. ఇటలీలో బ్రెషియా సీమవాడైన లజారీనో కొమినాజ్జో పేరు పొందినవాడు గనుక, బాల్కను దేశములలో వాని ముఖమెఱుగని పనివా రెందఱో వాని పేరును తప్పుల తడకగా చెక్కిరి.

మూడవది బొమ్మలు. పలాస్కాపై అశ్వారూఢుడైన సెయింటు జార్జి, కాన్‌స్టాంటైను చక్రవర్తియు అతని తల్లి హెలీనాయు, రెండు తలల డేగ కనబడినచో క్రైస్తవుని కొఱకు చేసినదని యూహింపవచ్చును. కాని పట్టుబడిన తురుష్క వస్తువుపై తరువాత శిలువ చెక్కించుకొనుట యసాధ్యము కాదు. గాడి యంచులు పదునుగా, చుట్టునున్న పని యరిగి యున్నచో శిలువ తరువాతిది. అథీనా దేవి శిరస్సును శిరస్త్రాణముతో చూచినచో మాత్రము మేము సందేహింతుము. కొండలలోని క్లెఫ్తునకు అథీనాతో పరిచయము తక్కువ. వానికి పుణ్యపురుషులు చాలును. ప్రాచీన గ్రీసును స్మరించు ఫ్యాషను, స్వతంత్ర రాజ్యమేర్పడి 1833లో బవేరియా రాజకుమారుడు ఒథోను రాజుగా వచ్చిన తరువాత బలపడినది. ఆ రాజు తానే ఫుస్తనెల్లా యను కుచ్చెళ్ల పావడను కట్టెను. కొండవాని దుస్తులు కొలువు దుస్తులైనవి. అప్పుడు పలాస్కాలు నగలైనవి. తూటాలు పెట్టని పెట్టెకు లోతు అక్కఱలేదు. కావున మూతను తెఱచి లోపల వ్రేలు పెట్టి చూడుడు: తూటా పట్టని పలాస్కా యుద్ధము చూడనిది. అట్టివి పండుగల కొఱకు ఇరువదవ శతాబ్దమునను తయారయినవి. అందమున కొఱత లేదు; వయస్సును గూర్చి యబద్ధము చెప్పకున్న చాలును.

చిత్రములు సాక్ష్యమగునా? అన్నియు కావు. ఫ్రెంచి చిత్రకారుడు లూయీ ద్యుప్రే 1819లో తానే ఆ దేశములకు పోయి అలీ పాషాను, సూలి యోధులను చూచి వ్రాసెను. బవేరియా సైనికుడు కార్ల్ క్రాట్సైజెన్ 1826–27లలో గ్రీకు నాయకుల నెదుట కూర్చుండబెట్టుకొని వ్రాసెను. వీరి పటములలో పెట్టె యెచ్చట వ్రేలాడునో, గొలుసు ఎట్లు తగిలించిరో నమ్మవచ్చును. గొప్పవాడైన దెలక్రువా గ్రీసులో నెన్నడును కాలుపెట్టలేదు. ఎరువు తెచ్చుకొనిన దుస్తులను చూచి వ్రాసెను. వాని చిత్రము గుండెను కదలించును. నడికట్టునకు సాక్ష్యము కాజాలదు.

సేకరణము ఆ యుద్ధమునకు ముందే మొదలైనది. 1809లో యువకుడైన బైరను అలీ పాషాను దర్శించి, ఎపిరస్ సీమలో వెలగల దుస్తులు కొనుక్కొని పోయెను. 1813లో వానిని తొడిగికొని ఫిలిప్స్ అను చిత్రకారునిచే పటము వ్రాయించుకొనెను. అది వేషము. 1824లో మిసొలొంగిలో జ్వరముతో చనిపోయినప్పుడు వేషము కాలేదు. వాని తరువాత వచ్చిన విదేశీయులలో ఎందఱో గ్రీకు యోధుల యాయుధములను కొని యిండ్లకు పంపుకొనిరి. యుద్ధము ముగిసిన పిమ్మట జీతములేని సైనికులు నడుము నుండి వెండిని విప్పి యమ్ముకొనిరి. ఎంత కరగెనో లెక్కించువారు లేరు. వెండి ధరకు అమ్ముడు పోయినది కరగును; వింత ధరకు అమ్ముడు పోయినది నిలుచును. కాబట్టి విదేశీయుని సేకరణమును వట్టి దోపిడి యని యొక్కమాటతో కొట్టివేయలేము. అట్లని దానిని ధర్మకార్య మనలేము. పైన చెప్పిన మక్రియన్నిస్ కే, కొందఱు సైనికులు రెండు చక్కని ప్రాచీన విగ్రహములను ఆర్గోసులో ఐరోపావారికి వేయి తలారులకు అమ్మబోవుచున్నారని తెలిసినది. వాడు వారిని ప్రక్కకు పిలిచి, పదివేలు ఇచ్చినను ఇవి దేశము దాటిపోరాదనియు, మనము పోరాడినది వీనికొఱకే యనియు చెప్పెను. ఆ సైనికులకు తిండి లేదు. వాడు చెప్పినదియు అబద్ధము కాదు. ఈ రెంటి నడుమ సేకరించువాడు నిలుచున్నాడు.

నేడు గ్రీకుదేశపు 2002వ సంవత్సరపు శాసనము ప్రాచీన స్మారకముల కాలపు టెల్లను 1830గా పెట్టినది. గ్రీసు స్వాతంత్ర్యమును లండను నగరమున రాజ్యములు అంగీకరించిన సంవత్సరమది. అందువలన పలాస్కా వయస్సు తేల్చుట వట్టి ముచ్చట కాదు. ధర్మశాస్త్రపు ప్రశ్న గూడ. ఎచ్చటినుండి, ఎవరి చేతులగుండ వచ్చినదో చెప్పలేని వస్తువును కొనకుండుట మేలని మా మాట. ఇట్టివి యింటికి వచ్చినచో ఇల్లాండ్రకు ఒక మనవి: చింతపండు, ఇటుకపొడి వానికి తగిలింపకుడు. మెఱుపు వచ్చును, సవాతును ములామును పోవును. పెట్టెలోనో మందుకొమ్ములోనో నల్లని గుళికలు మిగిలియున్నచో దీపము దగ్గఱ కదలింపరాదు. రెండు వందల యేండ్లైనను, పొడిగా నున్న మందు మందే.

చూడదలచినవారికి ఏథెన్సులో పాత శాసనసభా భవనమునందలి జాతీయ చారిత్రక ప్రదర్శనశాలలో కొలొకొత్రోనిస్ సేనాని శిరస్త్రాణమును ఆయుధములును ఉన్నవి. 1930లో స్థాపింపబడిన బెనాకి ప్రదర్శనశాలయు, యనీనా కోటలో 2016లో తెఱచిన వెండిపని ప్రదర్శనశాలయు ఈ విద్యకు పాఠశాలలు.

మా మనస్సు మాత్రము మఱియొక యూరికి పోవును. పెలొపొనెసస్ పర్వతములలో దిమిత్సానా యను చిన్న పట్టణము కలదు. 1764లో అక్కడ గొప్ప పాఠశాల యేర్పడినది. దానికి తగిన గ్రంథాలయము చేరినది. ఆ యూరి క్రింది సెలయేటిపై నీటిచక్రములతో తుపాకిమందు నూరు రోకళ్లుండెను. 1821లో యుద్ధము రాగానే ఆ యూరు మందు సరఫరా చేసినది; స్పిలియొతోపులోస్ సోదరులు దీనిలో ముఖ్యులు. మందున్నది, సీసమున్నది, తూటా చుట్టుటకు కాగితము కావలెను. పర్వతములలో కాగితపు నిలువ పాఠశాలలో గాక వేఱెచ్చట నుండును? గ్రంథాలయపు పుస్తకములను చించి తూటాలు చుట్టిరి. ఏ పుటలు పోయెనో, ఏ వ్యాఖ్యానములు ఎవని పలాస్కాలో చేరి యే కొండపై పేలెనో తెలియదు. చించినవారిలో ఆ పాఠశాలలో చదువుకొనినవారు ఉండకపోరు. వారిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు, మెచ్చుకొనుటకును రాదు. మిగిలిన పుస్తకములతో ఆ గ్రంథాలయ మిప్పటికిని ఆ యూరనే యున్నది. లోయలో 1997లో తెఱచిన జలశక్తి ప్రదర్శనశాలలో మందు నూరు మరను బాగుచేసి, నీరు వదలి, రోకళ్లు లేచి పడుటను వచ్చినవారికి చూపుచున్నారు.